ఖాళీ అయిన సింహాసనం: మాక్స్ స్టిర్నర్ కథ

తెలుగులో అరాచకం అన్న మాటకు మంచి పేరు లేదు. ఊళ్ళో దౌర్జన్యం పెరిగితే అరాచకం, అధికారులు అడిగినవాళ్ళను అడగనట్టు తోసేస్తే అరాచకం. మాట పుట్టుకను బట్టి చూస్తే దానికి ‘రాజు లేని స్థితి’ అన్న అర్థం తప్ప మరొకటి లేదు. అయితే రాజు లేకపోవడమంటేనే మనవాళ్ళకు భయం. దశరథుడు మరణించిన మరునాడు, రాజు లేని దేశంలో వాన కురవదనీ, బిడ్డ తండ్రి మాట వినడనీ పెద్దలు వసిష్ఠుడి ఎదుట ఏకరువు పెట్టడం అయోధ్యకాండలో కనిపిస్తుంది. పెద్దచేప చిన్నచేపను మింగే న్యాయం గురించి భారతంలోని శాంతిపర్వం హెచ్చరిస్తుంది. గ్రీకు భాషనుంచి యూరప్ భాషలలోకి వెళ్ళిన ‘అనార్కీ’కి కూడా చాలాకాలం ఇదే గతి పట్టింది. 1840లో ఫ్రాన్సు దేశపు ప్రూధోఁ ఆ తిట్టును తనంతట తాను బిరుదుగా తగిలించుకునేవరకు, దానిని గౌరవంగా వాడినవాడు లేడు.

ఆ బిరుదును ఎన్నడూ తగిలించుకోకుండానే, ప్రూధోఁ ఆగినచోట ఆగకుండా ముందుకు వెళ్ళిన మనిషి ఒకడున్నాడు. రాజును దించడం గొప్ప సంగతేనని అతడు ఒప్పుకుంటాడు. ఒప్పుకుని, ఖాళీ అయిన సింహాసనం మీద మీరు ఎవరిని కూర్చోబెట్టారు అని అడుగుతాడు. దేవుణ్ణి దించి మానవత్వాన్నా? రాజును దించి జాతినా? యజమానిని దించి సమాజాన్నా? కూర్చున్నవాడు మారితే నీ మోకాళ్ళకు కలిగిన లాభమేమిటన్నది అతని ప్రశ్న. వ్యక్తివాద అరాజకవాదం అని తరువాతివాళ్ళు పేరు పెట్టుకున్న ఆలోచనాధారకు మూలాలు వెదుకుతూ పోతే, ఆ ప్రశ్న దగ్గరికే చేరుకుంటాం. అడిగినవాడి పేరు మాక్స్ స్టిర్నర్.

అది అతని అసలు పేరు కాదు. 1806 అక్టోబరు 25న, జర్మనీలోని బైరాయిత్‌లో, పిల్లనగ్రోవులు తయారుచేసే ఒక పనివాడి ఇంట పుట్టినప్పుడు పెట్టిన పేరు యోహాన్ కాస్పర్ ష్మిట్. నుదురు చాలా విశాలంగా ఉండేదట. జర్మన్‌లో ‘ష్టిర్న్’ అంటే నుదురు. తోటి విద్యార్థులు వేళాకోళానికి పెట్టిన పేరునే అతడు తరువాత రచనలకు వాడుకున్నాడు. ఏడాది నిండకముందే తండ్రి క్షయతో పోయాడు. తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకుంది. 1826లో బెర్లిన్ విశ్వవిద్యాలయంలో చేరి హెగెల్ ఉపన్యాసాలు స్వయంగా విన్నాడు. చదువు సాగుతూ ఆగుతూ నడిచింది. తల్లికి మతి చలించింది. ఉపాధ్యాయ పరీక్షలో పరిమితమైన అర్హత మాత్రమే దక్కింది. ప్రష్యా ప్రభుత్వ పాఠశాలల్లో ఉద్యోగం రాలేదు. 1837లో పెళ్ళి చేసుకుంటే మరుసటి ఏడు పురిటిలో భార్యా బిడ్డా ఇద్దరూ పోయారు. 1839నుంచి బెర్లిన్‌లో ఒక ప్రైవేటు ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పుకుంటూ బతికాడు. నెమ్మదస్తుడు, మితభాషి, శుభ్రమైన దుస్తులు వేసుకునేవాడు. ఈ మనిషిలో ఒక తిరుగుబాటుదారు ఉన్నాడని ఆ పిల్లల తల్లిదండ్రులు కలలోనైనా అనుకుని ఉండరు.

సాయంకాలాలు మాత్రం అతడు ఫ్రీడ్రిష్ వీధిలో హిప్పెల్ అనే ఆయన నడిపే ద్రాక్షసారాయి అంగడికి వెళ్ళేవాడు. హెగెల్ శిష్యులలో అతివాదులు, బ్రూనో బావర్ చుట్టూ చేరినవాళ్ళు, అక్కడ కూడేవారు. తమకు తాము ‘స్వేచ్ఛాజీవులు’ అని పేరు పెట్టుకున్నారు. బెర్లిన్‌లో సైన్యసేవ చేస్తున్న ఇరవై ఒక్కేళ్ళ ఫ్రీడ్రిష్ ఎంగెల్స్ కూడా వచ్చేవాడు. 1842లో ఎంగెల్స్ ఆ గుంపు తగాదాను ఒక వ్యంగ్యచిత్రంగా గీశాడు. అందరూ అరుచుకుంటూ ఉంటే స్టిర్నర్ పొగ పీలుస్తూ నిలబడి ఉంటాడు. అతని రూపం మనకు తెలిసినదంతా ఎంగెల్స్ గీతల వల్లనే. ఫొటో ఒక్కటి కూడా లేదు.

ఆ గుంపులోనే మెక్లెన్‌బర్గ్ ప్రాంతపు ఒక మందుల వ్యాపారి కూతురు, మారీ డేన్‌హార్ట్ ఉండేది. చుట్ట కాల్చేది, బిలియర్డ్స్ ఆడేది. తండ్రి విడిచిపోయిన ఆస్తి కొంత ఉంది. 1843 అక్టోబరులో ఇద్దరికీ స్టిర్నర్ ఇంట్లోనే పెళ్ళి జరిగింది. మతాచార్యుడు వచ్చేసరికి సాక్షులు కోట్లు విప్పి పేకాడుతున్నారు. ఇంట్లో బైబిల్ లేదు. పెళ్ళికూతురు మామూలు బట్టల్లో ఆలస్యంగా వచ్చింది. ఉంగరాలు తేవడం ఎవరికీ గుర్తు లేదు. చివరకు బ్రూనో బావర్ తన డబ్బుసంచికి ఉన్న రెండు ఇత్తడి రింగులు ఊడదీసి ఇచ్చాడు. ఈ కథను వేడుకగా చెప్పుకుంటారు కానీ, నిజానికి ఇందులో ఒక చిక్కుంది. ఏ పవిత్రతనూ గుర్తించనివాళ్ళు ఆచార్యుణ్ణి పిలవనే పిలిచారు. పిలవకపోతే ఆనాటి చట్టం దృష్టిలో పెళ్ళి చెల్లదు.

మరుసటి సంవత్సరం, 1844 చివర, లైప్‌జిగ్‌లో ఓటో విగాండ్ అనే ప్రచురణకర్త స్టిర్నర్ పుస్తకాన్ని వెలువరించాడు. అట్ట మీద తేదీ 1845 అని ఉంటుంది. పేరును తెలుగులో ‘ఏకైకుడు, అతని సొత్తు’ అనవచ్చు. ‘సొత్తు’ అన్నది సరైన మాటే అనుకుంటాను. జర్మన్ మాటలో కూడా ఆస్తి, తనదనం అన్న రెండు ఛాయలూ ఉన్నాయి. దాదాపు అయిదు వందల పుటల గ్రంథం. ఆ కాలపు జర్మన్ రాజ్యాలలో ఇరవై ఫారాలకు, అంటే మూడువందల ఇరవై పుటలకు మించిన పుస్తకాలకు ముద్రణకు ముందు తనిఖీ ఉండేది కాదు. లావు పుస్తకం కొనేవాడూ చదివేవాడూ తక్కువ కనుక ప్రమాదం కూడా తక్కువని ప్రభువుల లెక్క. అయినా వెలువడగానే శాక్సనీ అధికారులు ప్రతులను జప్తు చేశారు. కొద్ది రోజులకే పైనుంచి ఉత్తర్వు వచ్చి జప్తు ఎత్తివేశారు. కారణం, ఈ పుస్తకం మరీ అసంబద్ధంగా ఉంది కనుక దీనివల్ల ప్రమాదం లేదని! ప్రష్యా మాత్రం నిషేధించింది. బడి ఉద్యోగాన్ని స్టిర్నర్ పుస్తకం బయటికి రాకముందే వదిలేశాడు.

ఇంతకీ అందులో ఏముంది?

అప్పటికి మూడేళ్ళ క్రితం ఫాయర్‌బాక్ ఒక పెద్ద మాట అన్నాడు: దేవుడు మనిషిని సృష్టించలేదు, మనిషే తన ఉత్తమ గుణాలను మూటగట్టి ఆకాశంలో పెట్టి దేవుడన్నాడు అని. ఆ గుణాలను మళ్ళీ మనిషికి ఇచ్చివేస్తే చాలునని అతని సిద్ధాంతం. ఆనాటి యువకులకు అది విడుదల ప్రకటనలా వినిపించింది. స్టిర్నర్‌కు అలా వినిపించలేదు. మీరు దేవుణ్ణి కూల్చలేదు, ఇల్లు మార్పించారు అన్నాడు. నిన్నటిదాకా దేవుడి ముందు నేను పాపిని. ఇవాళ ‘మానవత్వం’ ముందు నేను తగినంత మానవుణ్ణి కానివాణ్ణి. నిన్న పురోహితుడు తూచేవాడు, ఇవాళ తత్త్వవేత్త తూస్తున్నాడు. తక్కెడ అదే.

ఇలాంటి వాటినన్నింటినీ అతడు దయ్యాలంటాడు. రాజ్యం, ధర్మం, జాతి, కుటుంబగౌరవం, చట్టం, స్వేచ్ఛ, సత్యం: మనిషి తలలో పుట్టి, తలకెక్కి, ఆ తల గలవాణ్ణే సేవకుణ్ణి చేసుకున్న తలపులు. పట్టినవాడికి తనకు దయ్యం పట్టిందని తెలియదు. పోలీసువాడి చేతిలో కర్ర కంటె, ఆ కర్ర పవిత్రమైనదని నమ్మే బుద్ధి బలమైనదని అతని వాదం. ప్రూధోఁను కూడా వదలలేదు. ఆస్తి దొంగతనమంటున్నావు, ఆస్తి అన్నది న్యాయమని ముందే ఒప్పుకోకపోతే దొంగతనమన్న మాటకు అర్థమెక్కడిది అని నిలదీశాడు.

విప్లవాన్నీ తిరుగుబాటునూ వేరుచేసి చెప్పడం అతని ఆలోచనలో అన్నింటికంటె పదునైన భాగం. విప్లవం పాత వ్యవస్థను కూల్చి కొత్త వ్యవస్థను స్థాపిస్తుంది. కనుక అది పూర్తి అయ్యేనాటికి ఒక కొత్త ప్రభుత్వం, ఒక కొత్త విధేయత సిద్ధంగా ఉంటాయి. తిరుగుబాటు అలా కాదు. దానికి జర్మన్‌లో అతడు వాడిన మాటలో ‘పైకి లేవడం’ అన్న భావం ఉంది. నేను లేచి నిలబడతాను. లేచాక నన్ను ఎవరూ ఏ వరుసలోనూ కూర్చోబెట్టనక్కరలేదు. అయితే ఒంటరిగానే బతకమని అతడు చెప్పలేదు. అవసరం ఉన్నన్నాళ్ళు కలిసి, అవసరం తీరాక విడిపోయే స్వచ్ఛంద కూటములు ఉండవచ్చునన్నాడు. రాజ్యంలో నేను పుడతాను; కూటమిలో నేను చేరతాను. తేడా అంతా ఆ రెండు క్రియలలో ఉంది.

పుస్తకం కొద్ది నెలలు దుమారం రేపింది. ఫాయర్‌బాక్ సమాధానం రాశాడు, మోజెస్ హెస్ రాశాడు. ఎంగెల్స్ మొదట కొంత మెచ్చుకోలుగా మార్క్స్‌కు ఉత్తరం రాసి, తరువాత మార్క్స్ అభిప్రాయానికి వచ్చాడు. 1845, 46లలో ఇద్దరూ కలిసి రాసిన ‘జర్మన్ భావజాలం’లో అన్నింటికంటె పెద్ద భాగం స్టిర్నర్ ఖండనే. దానికి వాళ్ళు పెట్టిన పేరు ‘సెయింట్ మాక్స్’. దయ్యాలను వెళ్ళగొట్టబోయినవాడికి ‘నేను’ అన్న దయ్యం పట్టిందని వాళ్ళ ఎత్తిపొడుపు. అన్నం, పని, కూలి ఉన్న లోకాన్ని వదిలి తలపులతో కత్తియుద్ధం చేస్తున్నాడని వాళ్ళ అసలు ఆరోపణ. ఆ ఖండన పూర్తిగా అచ్చుకావడానికి 1932 దాకా పట్టింది; స్టిర్నర్ దానిని చూడనేలేదు.

ఆ ఆరోపణకు బలం చేకూర్చినట్టుగా ఉంటుంది అతని తరువాతి జీవితం. 1845లో మారీ ఆస్తిలో మిగిలినదానితో స్టిర్నర్ పాలవ్యాపారం పెట్టాడు. బెర్లిన్ చుట్టుపక్కల పల్లెల రైతులతో మాట్లాడుకుని పాలు తెప్పించాడు. పాలు వచ్చాయి, కొనేవాళ్ళు రాలేదు. పాలు విరిగాయి, డబ్బు పోయింది. 1846లో మారీ అతన్ని వదిలి లండన్ వెళ్ళిపోయింది. జాన్ బాప్టిస్ట్ సే, ఆడమ్ స్మిత్‌ల అర్థశాస్త్ర గ్రంథాలను జర్మన్‌లోకి అనువదించాడు. 1848లో బెర్లిన్ వీధుల్లో విప్లవం వచ్చినప్పుడు ఆ అడ్డుకట్టల దగ్గర స్టిర్నర్ కనబడడు. 1852లో ప్రతీఘాత చరిత్ర ఒకటి కూర్చాడు. అప్పులవాళ్ళ చేతికి దొరక్కుండా గదులు మారుతూ, 1853లో ఒకసారి, 1854లో మరొకసారి అప్పుల జైలుకు వెళ్ళాడు. 1856 జూన్‌లో, నలభై తొమ్మిదేళ్ళకు, ఏదో పురుగు కుట్టి విషజ్వరంతో మరణించాడు. మతి చలించిన తల్లి అతని తరువాత కూడా మూడేళ్ళు బతికే ఉంది. శవం వెంట నడిచిన కొద్దిమందిలో బ్రూనో బావర్ ఒకడు.

కథ అక్కడితో ముగిసిపోవలసింది. ముప్ఫయి ఏళ్ళపాటు ముగిసినట్టే ఉండింది కూడా. 1887లో, స్కాట్లండ్‌లో పుట్టి జర్మనీలో పెరిగిన యోహాన్ హెన్రీ మకాయ్ అనే యువకవి లండన్ బ్రిటిష్ మ్యూజియంలో లాంగె రాసిన భౌతికవాద చరిత్ర చదువుతూ, అందులో స్టిర్నర్ పేరు చూశాడు. తరువాత పదేళ్ళు ఆ మనిషి జాడలు వెదకడంలో గడిపాడు. సమాధిని కనుక్కుని 1892లో దానిమీద రాయి వేయించాడు. 1898లో జీవితచరిత్ర ప్రచురించాడు. మనకు ఈనాడు స్టిర్నర్ గురించి తెలిసినదంతా దాదాపుగా మకాయ్ చలవే.

వెదుకుతూ వెదుకుతూ అతడు మారీ ఇంకా బతికే ఉందని తెలుసుకున్నాడు. ఆమె లండన్ నుంచి ఆస్ట్రేలియా వెళ్ళి, అక్కడ బట్టలుతికి కూడా బతికి, తిరిగివచ్చి కాథలిక్కు మతంలో చేరి లండన్‌లోనే ఉంది. మకాయ్ ఎంతో ఆశతో వెళ్ళాడు. ఆమె అతన్ని కలవనన్నది. రాసి పంపిన ప్రశ్నలకు మాత్రం క్లుప్తంగా జవాబులిచ్చింది: అతన్ని తాను ప్రేమించలేదు, గౌరవించలేదు, అతడు చాలా గుట్టుమనిషి, తన మేలు చూసుకునేవాడు, ఆ పెళ్ళి కేవలం ఒక ఇంట్లో ఇద్దరు ఉండడమే. ఆ పుస్తకం అంకితం పొందిన మనిషి ఆమే! మకాయ్‌కు ఆ జవాబులు చేదుగా తోచాయి. నాకు మాత్రం ఆ పుస్తకానికి వచ్చిన సమీక్షలన్నింటిలోనూ ఇదే ముఖ్యమైనదనిపిస్తుంది. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

స్టిర్నర్ పుస్తకం లైప్‌జిగ్‌లో వెలువడిన 1844లోనే, అట్లాంటిక్ అవతల మాసచూసెట్స్ న్యాయవాది లైసాండర్ స్పూనర్ మరోరకమైన ధిక్కారం చేశాడు. ప్రభుత్వ తపాలా ఛార్జీలు దారుణంగా ఉన్నాయని, ఉత్తరాలు మోయడం ప్రభుత్వానికి గుత్తహక్కు కాదని, సొంతంగా అమెరికన్ లెటర్ మెయిల్ కంపెనీ స్థాపించి తక్కువ ధరకు ఉత్తరాలు చేరవేశాడు. ప్రభుత్వం కేసులతో ముంచి మూయించింది. కాని 1845లో తన ఛార్జీలు తగ్గించుకోక తప్పలేదు. స్పూనర్ బానిసత్వాన్ని వ్యతిరేకించాడు. అంతర్యుద్ధం తరువాత, సంతకం చేయనివాణ్ణి రాజ్యాంగం కట్టిపడవేయలేదని వాదించాడు. అయితే అతనికి సహజన్యాయం మీద అచంచలమైన నమ్మకం. స్టిర్నర్ భాషలో చెబితే అతనికీ ఒక దయ్యం ఉంది.

ఈ రెండు ధారలూ బెంజమిన్ టకర్ పత్రికలో ఢీకొన్నాయి. 1881లో బోస్టన్‌లో అతడు ప్రారంభించిన ‘లిబర్టీ’ అమెరికా వ్యక్తివాద అరాజకవాదులకు వేదిక. స్పూనర్ అందులో రాసేవాడు. 1886, 87లలో అక్కడ పెద్ద చర్చ జరిగింది: మనిషికి పుట్టుకతో హక్కులున్నాయా, లేక హక్కు అన్నది కూడా తలలో పుట్టిన దయ్యమేనా అని. టకర్ స్టిర్నర్ పక్షం చేరాడు. కొందరు పాత మిత్రులు పత్రికనే వదిలి వెళ్ళిపోయారు. 1907లో స్టిర్నర్ గ్రంథానికి తొలి ఆంగ్లానువాదాన్ని ప్రచురించినవాడు టకరే. మరుసటి జనవరిలో న్యూయార్క్‌లో అగ్నిప్రమాదం జరిగి అతని పుస్తకాల నిలువంతా బూడిదైంది. అతడు ఫ్రాన్సు వెళ్ళి, మరి పత్రిక తీయలేదు.

టకర్ మిత్రులు హక్కు దయ్యమా కాదా అని కాగితం మీద వాదించుకున్నారు. అదే ప్రశ్న ప్యారిస్‌లో నెత్తుటి మీదికి వచ్చింది. 1905లో లిబెర్తాద్ స్థాపించిన ‘లానార్షీ’ అనే వారపత్రిక చుట్టూ స్టిర్నర్‌ను చదివిన యువకులు చేరారు. చట్టం దయ్యమైతే దొంగతనం నేరమెలా అవుతుంది అని వాళ్ళలో కొందరు అడిగారు. 1911 డిసెంబరు 21న ఒర్దెనేర్ వీధిలో బ్యాంకు డబ్బు మోసుకువెళ్తున్న ఉద్యోగిని కాల్చి, మోటారుకారులో పారిపోయారు. బానో ముఠా అని పత్రికలు వాళ్ళకు పేరు పెట్టాయి. తరువాతి నెలల్లో ఒక వృద్ధుణ్ణీ అతని పనిమనిషినీ చంపారు. షాంతియీలో బ్యాంకు గుమస్తాలను కాల్చారు. బానో 1912 ఏప్రిల్‌లో పోలీసుల ముట్టడిలో చనిపోయాడు. 1913లో ముగ్గురి తలలు తీశారు.

ఆ పత్రికకు కొంతకాలం సంపాదకుడిగా ఉన్న విక్టర్ కిబాల్చిచ్, అప్పటికి ఇరవై యేళ్ళు దాటినవాడు, దోపిడీలలో పాల్గొనలేదు. మిత్రులకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పలేదు. అయిదేళ్ళ శిక్ష అనుభవించాడు. అతడే తరువాత విక్టర్ సెర్జ్‌గా లోకానికి తెలిశాడు. 1919లో రష్యా వెళ్ళి విప్లవంలో చేరి, స్టాలిన్‌ను ఎదిరించి, 1933లో ఓరెన్‌బర్గ్‌కు ప్రవాసం పంపబడి, 1936లో బయటపడి, 1947లో మెక్సికోలో మరణించాడు. స్టిర్నర్ చెప్పినట్టే, విప్లవం ఖాళీ చేసిన సింహాసనం మీద కొత్తవాడు కూర్చోవడాన్ని అతడు కళ్ళారా చూశాడు. ‘నేను’ అన్నదే సింహాసనమెక్కితే ఏమవుతుందో అంతకుముందే ప్యారిస్‌లో చూశాడు.

ఈ రెండో చూపే మనకు కావలసినది. ఒర్దెనేర్ వీధిలో కాల్పులకు గురైనవాడు జీతగాడు. బ్యాంకు అతనిది కాదు, మోస్తున్న డబ్బూ అతనిది కాదు. కాల్చినవాళ్ళు తమను ఏకైకులనుకున్నారు. అతడు కూడా ఏకైకుడే అన్న సంగతి వాళ్ళకు తోచలేదు. స్టిర్నర్ ఆ హత్యలకు బాధ్యుడనను. కాని అలా తోచేలా చేసే బలం అతని పుస్తకంలో ఎంత ఉందన్న ప్రశ్న తప్పదు. ఎదుటివాణ్ణి ఎందుకు కాల్చకూడదో చెప్పడానికి ధర్మం లేదు, దేవుడు లేడు, మానవత్వం లేదు. మిగిలినది ఒక్కటే: నీవు ‘నేను’ అని లేచి నిలబడినప్పుడు, ఎదుటివాడు కూడా అదే మాటతో నిలబడతాడన్న ఎరుక. కూటమి గురించి రాసిన పుటల్లో స్టిర్నర్ దానికి చాలా దగ్గరగా వచ్చాడు. జీవితంలో అంత దగ్గరగా రాలేదు.

అందుకే మారీ జవాబు నాకు అంత ముఖ్యమనిపిస్తుంది. ఆమె ఆస్తి పాలతోపాటు విరిగిపోయింది. అంకితపు పుటలో ఆమె పేరు అలంకారంగా మిగిలింది. యాభై ఏళ్ళ తరువాత ఒక భక్తుడు వచ్చి, మహాపురుషుడి భార్యగా నాలుగు మంచి మాటలు చెప్పమన్నాడు. ఆమె చెప్పలేదు. తన భర్త పుస్తకంలోని వాక్యాలేవీ ఎత్తుకోకుండానే, మరొకరి గాథలో తనకు కేటాయించిన పీటమీద కూర్చోనని లేచి నిలబడింది. ఆమె కాథలిక్కు అయింది కదా, అధికారానికి లొంగింది కదా అని ఎవరైనా అనవచ్చు. ఆ నమ్మకం ఆమె ఎంచుకున్నది. ఈ కీర్తి ఇతరులు ఆమె మీద కప్పబోయినది. పుట్టడానికీ చేరడానికీ ఉన్న తేడా ఇక్కడా వర్తిస్తుంది.

సమస్త అధికారాన్నీ ఎదిరించేవాడికి అంతిమ పరీక్ష పోలీసువాడి ముందు రాదు. అతనికి శిష్యులు దొరికినప్పుడు, అతని మాట పవిత్రమైనప్పుడు వస్తుంది. స్టిర్నర్‌కు బతికుండగా ఆ పరీక్ష రాలేదు. అప్పులవాళ్ళు తప్ప ఎవరూ అతని వెంట పడలేదు. పోయాక మకాయ్ రాయి వేయించాడు, జీవితచరిత్ర రాశాడు, సింహాసనం దాదాపు సిద్ధం చేశాడు. దాని ముందు వంగనిది ఒక్క మారీ డేన్‌హార్ట్. ఆమె 1902లో లండన్‌లో మరణించింది.